డెర్వెంట్ ఒడ్డున నూలు కబుర్లు

దసరా వెళ్ళిపోయి, దీపావళికి ఇంకా రోజులున్న ఈ నడిమధ్యలో ఇక్కడి కబుర్లు నాలుగు చెబుదామని కూర్చున్నాను. మా అమ్మాయివాళ్ళు ఉండేది ఇంగ్లండులో, డెర్బీ ఊళ్ళో. నేనొచ్చి రెండు నెలలు కావస్తోంది. వచ్చినప్పుడు వీధిలో చెట్లన్నీ వరిచేలంత పచ్చగా ఉండేవి. ఇప్పుడు సగం పసుపు, సగం కుంకుమ. కాస్త గాలి వీచిందంటే నేలంతా ఆకులే. సాయంత్రం ఆరు దాటితే వీధిదీపాలు వెలుగుతున్నాయి. పొద్దున లేచి చూస్తే నది మీద మంచు ఇంకా కదలదు.

మన ఊళ్ళో వాళ్ళు ఫోను చేసినప్పుడల్లా లండను చూశావా అని అడుగుతున్నారు. ఈసారి నా తిరుగుడంతా ఒక్క లోయలోనే సాగింది. డెర్వెంట్ నది వెంట, డెర్బీలో పాత పట్టుమిల్లు దగ్గర మొదలై ఉత్తరాన మాట్లాక్ బాత్ అనే ఊళ్ళోని మాసన్ మిల్లు దాకా, ఇరవై నాలుగు కిలోమీటర్ల లోయ. అడుగడుగునా పాత మిల్లులు, మిల్లు కూలీల ఇళ్ళు, కాలవలు, ఆనకట్టలు. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

నాకెందుకింత పట్టుదల అంటే, మాది చీరాల. మా నాన్న గుంటమగ్గం మీద నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది. నాయనమ్మ చీరాల-పేరాల ఉద్యమం నాటి మనిషి, రాట్నం ముందు కూర్చుంటే పూట తెలిసేది కాదు. మా ఇంట్లో మగ్గం ఎక్కిన నూలు మాత్రం మిల్లు నూలే. నీటి బలంతో పత్తి వడికి, నిలదొక్కుకున్న మొదటి మిల్లు ఈ లోయలోనే ఉందని తెలిశాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

రైలు ఎక్కితే చాలు

ఎలా వెళ్ళాలో ముందు చెబుతాను, ఇటు వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. డెర్బీ నుంచి మాట్లాక్ దాకా ఒక చిన్న రైలు నడుస్తుంది. అరగంట పైచిలుకు ప్రయాణం. డఫీల్డ్, బెల్పర్, ఆంబర్‌గేట్, వాట్‌స్టాండ్‌వెల్, క్రామ్‌ఫర్డ్, మాట్లాక్ బాత్ దాటి మాట్లాక్ చేరుతుంది. రైలు నదిని ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు చూపిస్తూ పోతుంది. ఇప్పుడు ఆకులు రాలుతున్నాయి గనక వేసవిలో చెట్ల చాటున ఉండిపోయే మిల్లు గోడలు కూడా కిటికీలోంచి కనిపిస్తాయి. అందుకే ఈ లోయ చూడటానికి ఇదే అదను అంటాను.

పట్టుమిల్లు, పట్టుకొచ్చిన విద్య

మొదటి వారం డెర్బీ పట్టుమిల్లుకు వెళ్ళాం. లోంబ్ సోదరులు 1721 నాటికి నది మధ్య లంక మీద కట్టించిన మిల్లు అది. పట్టుదారం పురిపెట్టే యంత్రాలు అప్పటికి ఇటలీవాళ్ళ సొత్తు. జాన్ లోంబ్ అక్కడికి వెళ్ళి ఆ యంత్రాల గుట్టు తెలుసుకొచ్చాడని చెబుతారు. అన్న థామస్ 1718లో పేటెంటు తీసుకున్నాడు. పాత భవనంలో చాలాభాగం 1910లో కాలిపోయింది. తిరిగి కట్టినదాంట్లో 2021 నుంచి ‘మ్యూజియం ఆఫ్ మేకింగ్’ నడుస్తోంది. లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదు. తలెత్తి చూస్తే పైన ఒక పెద్ద విమానం ఇంజను వేలాడుతూ ఉంటుంది. పట్టుదారంతో మొదలైన ఊరు విమానాల ఇంజన్ల దాకా వచ్చిందని ఒక్క చూపులో తెలిసిపోతుంది. మా మనవడు ఆ ఇంజను కింద నుంచి కదిలితేనా!

క్రామ్‌ఫర్డ్ గోడలు

రెండో వారం క్రామ్‌ఫర్డ్. ఈ కబుర్లలో అసలు కబురు ఇదే.

రిచర్డ్ ఆర్క్‌రైట్ 1732లో ప్రెస్టన్‌లో పుట్టాడు. మొదట్లో క్షురకుడు, విగ్గులు కట్టేవాడు. గడియారాలు చేసే జాన్ కే అనే పనివాడితో కలిసి నూలు వడికే యంత్రం తయారుచేసి, 1769లో పేటెంటు తీసుకున్నాడు. నాటింగ్‌హామ్‌లో గుర్రాలతో నడిపి చూశాడు, గిట్టుబాటు కాలేదు. 1771లో జెడిడియా స్ట్రట్, శామ్యూల్ నీడ్ అనే మేజోళ్ళ వ్యాపారుల పెట్టుబడితో క్రామ్‌ఫర్డ్ వచ్చాడు. ఇంత మారుమూలకు ఎందుకు వచ్చాడంటే నీళ్ళ కోసం. కొండలోని సీసపు గనుల్లో ఊరే నీటిని బయటికి పారించడానికి తవ్విన సొరంగ కాలవ ఒకటి ఇక్కడ ఉండేది. భూమి లోపలి నుంచి వచ్చే ఆ నీరు కాస్త వెచ్చగా ఉంటుంది, చలికాలంలో గడ్డకట్టదు. చక్రం ఏడాది పొడుగునా తిరుగుతుంది. ఆ నీరే తర్వాత చేటూ చేసింది. గనులవాళ్ళు ఇంకా లోతున మరో సొరంగం తవ్వేసరికి 1840లకల్లా నీరంతా అటు మళ్ళింది, ఇక్కడ వడుకు పని పడిపోయింది.

మిల్లు ముందు నిలబడితే జైలు గోడలా ఉంది. రోడ్డువైపు కింది అంతస్తుల్లో కిటికీలే లేవు. చేతి పనివాళ్ళు ఎక్కడ దాడి చేస్తారోనని ఆ జాగ్రత్త. 1779లో లాంకషైర్‌లో మిల్లులు తగలబెట్టినప్పుడు ఇక్కడ తుపాకులూ ఫిరంగులూ సిద్ధం చేసుకున్నారు. లోపల రాత్రింబగళ్ళు పని, పన్నెండేసి గంటల వంతులు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. ఏడెనిమిదేళ్ళ పిల్లలు కూడా. మా మనవడికి ఎనిమిదేళ్ళు. వాడు నా చెయ్యి పట్టుకుని, “అమ్మమ్మా, నాలాంటివాళ్ళు రాత్రంతా ఇక్కడే ఉండేవాళ్ళా?” అని అడిగాడు. “ఉండేవాళ్ళు నాన్నా” అన్నాను. ఆ తర్వాత చాలాసేపు వాడేమీ మాట్లాడలేదు.

నూలు పోయాక ఈ భవనాల్లో రంగుల తయారీ నడిచింది. సీసం కలిసిన రంగుల వల్ల నేలంతా విషమైంది. 1979లో ఆర్క్‌రైట్ సొసైటీవాళ్ళు ఈ స్థలం కొని, ఏళ్ళ తరబడి ఆ మురికి ఎత్తించి, గోడలు నిలబెట్టారు. ఈనాడు మనం లోపల తిరగగలుగుతున్నామంటే వాళ్ళ చలవే.

గుప్పెడు దూది

మమ్మల్ని తిప్పి చూపించిన పెద్దావిడకు డెబ్బై పైనే ఉంటాయి. జీతం లేకుండా వచ్చి చెబుతుందట. నడుస్తూ నడుస్తూ ఆగి, సంచీలోంచి కాస్త దూది తీసి అందరి చేతుల్లో పెట్టి, “లాగండి, ఎంత సన్నగా వస్తుందో చూద్దాం” అంది. తక్కినవాళ్ళ చేతుల్లో దూది పుటుక్కున తెగిపోయింది. నా వేళ్ళకు మాత్రం నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె ఎడంచేత్తో ఏకు పట్టుకుని, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, కదురు నుంచి చెయ్యి వెనక్కి లాక్కుంటూ పోయేది. వేళ్ళ మధ్య పోగు ఎంత వదలాలో, ఎక్కడ బిగించాలో ఆ వేళ్ళకే తెలుసు. నేనూ అలాగే మెల్లగా లాగి, తొడమీద పురిపెట్టాను. జానెడు దారం వచ్చింది. వంకర టింకరే, కానీ తెగలేదు.

ఆవిడ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని మిగతావాళ్ళకు చూపించింది. “ఆర్క్‌రైట్ యంత్రం చేసింది ఈ వేళ్ళ పనే” అంది. జంటలు జంటలుగా రోలర్లు. మొదటి జంట నెమ్మదిగా తిరుగుతుంది, తర్వాతి జంట ఇంకాస్త వేగంగా, ఆ తర్వాతది ఇంకా వేగంగా. దూదిపేట వాటి మధ్య నుంచి వస్తూ సాగి సన్నబడుతుంది. చివర పురిపడి కండెకు చుట్టుకుంటుంది. అంతే కిటుకు. నాయనమ్మ బొటనవేలూ చూపుడువేలూ చేసిన పనిని కొయ్యకూ ఇనుముకూ తోలుకూ నేర్పారు. ఆ కిటుకు ఆర్క్‌రైట్ సొంతం కాదని కోర్టులో వాదించి 1785లో అతని పేటెంటు కొట్టేయించారు కూడా. అయినా మరుసటి ఏడు సర్ బిరుదు వచ్చింది. 1792లో పోయేనాటికి దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడు.

మూడు నీలి పోగులు

ఇక్కడే మన బందరు కథ కలుస్తుంది. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1611లో మచిలీపట్నంలో వర్తకం పెట్టారు. చిరివేరు ఎరుపుతో, నీలిమందు నీలంతో మనవాళ్ళు అద్దిన కలంకారీ బట్టలు ఓడలకెక్కాయి. ఇంగ్లండు ఇళ్ళల్లో పడకలకూ తెరలకూ గౌన్లకూ అవే. అక్కడి ఉన్ని నేతగాళ్ళు, పట్టు నేతగాళ్ళు గోల పెట్టారు. 1721లో అద్దకపు నూలుబట్ట కట్టుకోవడమే నేరమని పార్లమెంటు చట్టం చేసింది.

మరి వాళ్ళే నేసుకోవచ్చుగా అంటారా? వాళ్ళు రాట్నం మీద వడికిన నూలు పడుగుకు ఆగేది కాదు. నార పడుగు వేసి, నూలు పేక కొట్టేవారు. మన నేల మీద ఆడవాళ్ళు చేత్తో వడికిన నూలు పడుగుకూ పేకకూ రెంటికీ నిలిచేది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. మన పల్లెల్లో పేరైనా మిగలని ఎందరో తల్లుల చేతుల్లో ఉన్న నేర్పు అది. ఆర్క్‌రైట్ యంత్రం చేసిన ఘనకార్యం ఏమిటంటే, పడుగుకు ఆగే గట్టి నూలు తియ్యడం. అది చేతికి రాగానే అతనూ భాగస్వాములూ పార్లమెంటును అడిగి 1774లో ఆ నిషేధం తీయించుకున్నారు, ఇంగ్లండులో నేసిన బట్టకు మాత్రమే. ఏది తమ బట్టో గుర్తుపట్టడానికి అంచులో మూడు నీలి పోగులు వెయ్యాలని చట్టంలో రాశారు. అంచు పోగులు లెక్కపెడుతూ పెరిగిన నేతగాడి కూతుర్ని. ఆ మూడు నీలి పోగుల మాట నా మనసులోంచి పోవడం లేదు.

ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటామే, అది ఈ నూలు విషయంలో అక్షరాలా జరిగింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిల్లు నూలు మన సంతలకే వచ్చింది. చవక, సాపు. మగ్గాలు దాన్ని పట్టుకుని ఎలాగో బతికాయి. రాట్నాలు మాత్రం ఇంటింటా మూలపడ్డాయి. వడికి నాలుగు డబ్బులు కళ్ళజూసే వితంతువులు, ముసలమ్మలు ఆ ఆధారం పోగొట్టుకున్నారు.

ఇదంతా ఆ పెద్దావిడతో చెప్పాను, మా అమ్మాయి ఇంగ్లీషు అందిస్తుంటే. ఆవిడ శ్రద్ధగా విని, “ఈ సగం కథ నేను చెప్పడం లేదు, ఇక చెబుతాను” అంది. ఆ జానెడు దారం కాగితంలో మడిచి దాచుకుంది.

అటక మీది కిటికీలు

మిల్లు నుంచి పది నిమిషాలు నడిస్తే నార్త్ స్ట్రీట్. కూలీల కోసం 1776 ప్రాంతంలో ఆర్క్‌రైట్ కట్టించిన మూడంతస్తుల రాతి ఇళ్ళు, రెండు వరసలు. పై అంతస్తులో ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగాటి కిటికీలు. అక్కడ మగవాళ్ళు మగ్గమో మేజోళ్ళ మరో పెట్టుకుని పనిచేసేవాళ్ళు, ఆడవాళ్ళూ పిల్లలూ మిల్లుకు పోయేవాళ్ళు. పనికి వెలుతురు కావాలి గనక ఆ కిటికీలు. మా నాన్న కూడా మగ్గం గుంట కిటికీ పక్కనే తవ్వించాడు. దేశమేదైనా నేతగాడు ముందు వెతుక్కునేది వెలుగే. ఆ ఇళ్ళలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. ఒక ఇల్లు ల్యాండ్‌మార్క్ ట్రస్టువాళ్ళది, అద్దె కట్టి రాత్రి బస చేయవచ్చు. ఊళ్ళో చెరువు పక్కన 1974 నుంచి నడుస్తున్న స్కార్తిన్ బుక్స్ అనే పుస్తకాల కొట్టుంది. మెట్లెక్కినకొద్దీ గదులే, గదుల నిండా పుస్తకాలే. వాన వస్తే తలదాచుకోవడానికి ఇంతకన్న మంచి చోటు లేదు.

దీపాల కబురు

మిల్లు నడిచిన రోజుల్లో సెప్టెంబరు వస్తే ఇక కొవ్వొత్తుల వెలుగులో పని మొదలని క్రామ్‌ఫర్డ్‌లో ఒక పండగ చేసేవారట. కూలీలంతా ఊరేగింపుగా వెళ్ళేవారు, పిల్లలకు రొట్టెలూ పండ్లూ పంచేవారు. పగలు తగ్గిపోయి చీకట్లో పని పెరిగే కాలానికి పండగ! పిల్లలు ఆ ఒక్కరోజు తిండి కోసం ఎంత ఎదురు చూసేవారో.

ఇప్పుడు ఈ కాలంలో దీపాల పండగ చూడాలంటే పక్క ఊరు మాట్లాక్ బాత్ వెళ్ళాలి. సెప్టెంబరు, అక్టోబరు శని ఆదివారాల్లో చీకటి పడ్డాక నది మీద దీపాలు అలంకరించిన పడవలు తిరుగుతాయి. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి మొదలైంది. పడవలను ఊళ్ళోవాళ్ళే ఇళ్ళ దగ్గర నెలల తరబడి కష్టపడి కట్టుకుంటారు. ఒడ్డున వేలమంది, చేతుల్లో వేడి వేడి చేప, బంగాళదుంప వేపుళ్ళు. చల్లగాలిలో నీళ్ళ మీద ఆ వెలుగు కదులుతుంటే నాకు కార్తీకంలో అరటిదొప్పల్లో వదిలే దీపాలే కనిపించాయి. దుప్పటి లాంటి శాలువా తప్పకుండా తెచ్చుకోండి, నది పక్కన చలి ఎముకల్లోకి దిగుతుంది.

కాలవ గట్టు మీద నడక

క్రామ్‌ఫర్డ్ మిల్లు ఎదురుగానే 1794లో తెరిచిన కాలవ. పత్తి, సున్నపురాయి, బొగ్గు దీని మీదే సాగేవి. ఇప్పుడు సరుకు పడవలు లేవు. హంసలూ నీటికోళ్ళూ తిరుగుతుంటాయి. గట్టు చదునుగా ఉంటుంది, నాలాంటి మోకాళ్ళ నొప్పివాళ్ళు కూడా హాయిగా నడవవచ్చు. కొన్ని రోజుల్లో బర్డ్స్‌వుడ్ అనే పడవ తిప్పుతారు, దాన్ని గుర్రంతో లాగించే రోజులు కూడా ఉంటాయి. మైలున్నర నడిస్తే లీవుడ్ పంపుహౌసు. 1849 నాటి ఆవిరియంత్రంతో నదిలోంచి కాలవలోకి నీరు తోడేది. ఏడాదిలో కొన్ని రోజులు ఇప్పటికీ ఆవిరి పెట్టి నడిపి చూపిస్తారు. మేం వెళ్ళిన రోజు మూసి ఉంది. తారీకులు ముందే కనుక్కుని వెళ్ళండి.

బెల్పర్‌లో ఇనుము

మూడో వారం బెల్పర్. జెడిడియా స్ట్రట్ వంశం మిల్లులు కట్టిన ఊరు. కొయ్య దూలాలు, గాలిలో దూది, నూనె దీపాలు. నిప్పురవ్వ పడితే అంతే. 1803లో ఒక మిల్లు బూడిదైంది. జెడిడియా కొడుకు విలియం స్ట్రట్ 1804లో దాన్ని ఇనుప స్తంభాలతో, ఇటుక కమానులతో మళ్ళీ కట్టాడు. పై అంతస్తు బరువు తగ్గడానికి కప్పులో మట్టికుండలు పేర్పించాడు. అదే నార్త్ మిల్. ఈ రోజు ఆకాశాన్నంటే మేడలు లోహపు అస్థిపంజరం మీద నిలబడుతున్నాయంటే, ఆ వంశవృక్షం వేళ్ళల్లో ఇదొకటి. పక్కనే 1912 నాటి ఎర్ర ఇటుకల ఈస్ట్ మిల్ ఏడంతస్తుల ఎత్తు. ముందు నదికి అడ్డంగా 1797లో గుర్రపు లాడం ఆకారంలో కట్టిన ఆనకట్ట. దాని నీటితో ఇప్పుడు కరెంటు తీస్తున్నారు.

ఈ ఊరివాడే శామ్యూల్ స్లేటర్. స్ట్రట్ దగ్గర పని నేర్చుకుని, 1789లో పొలం కూలీ వేషంలో అమెరికా ఓడెక్కాడు. యంత్రాలు గానీ పనివాళ్ళు గానీ దేశం దాటకూడదని అప్పట్లో చట్టం ఉండేది. అందుకని యంత్రమంతా బుర్రలోనే పెట్టుకుని పోయాడు, పాటకెట్‌లో మిల్లు నిలబెట్టాడు. అమెరికాకు అతను పరిశ్రమ తెచ్చిన మహానుభావుడు, బెల్పర్‌కు ద్రోహి.

విద్యను దొంగలు ఎత్తుకుపోలేరని చిన్నప్పుడు చదువుకున్నాం. ఈ లోయలో తిరిగాక ఆ మాట మళ్ళీ ఆలోచించాల్సి వచ్చింది. పట్టు విద్య ఇటలీ నుంచి డెర్బీకి, నూలు విద్య డెర్వెంట్ నుంచి అమెరికాకు. మన అద్దకం విద్య కూడా అంతే. తెలుగు నేర్చుకుని నిఘంటువు కూర్చిన ఫ్రెంచి పాదిరి కేర్డూ 1742లో మన తీరపు అద్దకం పనిని అంచెలంచెలుగా ఉత్తరంలో రాసి పంపాడు. విద్య వెళ్ళడం తప్పు కాదు, వెళ్ళాలి కూడా. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చెప్పుకోవాలి.

ఇక మన మాట

వీళ్ళు విషం పట్టిన మిల్లును బాగుచేసి నిలబెట్టుకున్నారు. పిల్లల చేత చేయించిన పనిని దాచకుండా చెబుతున్నారు. మన సంగతి చూస్తే, వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టింది! మూతపడ్డాక భవనాల్లో చాలాభాగం నేలమట్టమై స్థలం ప్లాట్లయింది. అక్కడ పనిచేసినవాళ్ళ మనవలకు చూపించడానికి ఒక గోడ కావాలి కదా.

అయితే మనకు ఇంకా బతికున్నవి ఉన్నాయి, ఇక్కడ లేనివి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్ళు ఈనాటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకి, చేత్తో సన్ననూలు వడుకుతున్నారు. పెడనలో కలంకారీ అచ్చులు ఇంకా బల్ల మీద పడుతున్నాయి. చీరాల, మంగళగిరిల్లో గుంటమగ్గాలు ఇంకా చప్పుడు చేస్తున్నాయి. క్రామ్‌ఫర్డ్‌లో నాకు గోడలు కనిపించాయి, గుంపులో నా చేతికే ఆ పని వచ్చు. మన దగ్గర చేతులున్నాయి. వాటిని మనమే చూడటం లేదు.

అందుకని అడుగుతున్నాను. ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు దగ్గర్లో ఉన్న ఒక నేత ఊరికి పిల్లల్ని తీసుకెళ్ళండి. మగ్గం దగ్గర ఒక గంట కూర్చోండి. నాడె అంటే ఏమిటో, అచ్చు అంటే ఏమిటో, పడుగు ఎలా తోడతారో అడిగి, చెప్పిన మాట చెప్పినట్టు రాసిపెట్టుకోండి. ఉత్త చేతులతో తిరిగి రాకండి, అక్కడే ఒక బట్ట కొనండి. అటక మీద నాయనమ్మ రాట్నం ఉంటే దయచేసి పాతసామాన్లవాడికి వెయ్యకండి.